కిట్లను విడగొట్టకుండా వెతుక్కునే దారి

ఫొటోల చుట్టూ రంగు కాగితాలు, రిబ్బన్లు, పూలు, నాలుగు మాటలు చేర్చి కుటుంబ జ్ఞాపకాల పుటలు తయారుచేసే స్క్రాప్‌బుకింగ్ నేటి రూపంలో అమెరికాలో పెరిగిన అలవాటు. 1980లో సాల్ట్ లేక్ సిటీలో వంశ చరిత్ర రికార్డుల మీద జరిగిన ప్రపంచ సదస్సులో మారియలెన్ క్రిస్టెన్సన్ అనే గృహిణి తమ కుటుంబ ఆల్బమ్ సంపుటాలను ప్రదర్శనకు పెట్టడంతో దానికి ఊపు వచ్చిందంటారు. ఆ పని కంప్యూటర్‌లోకి మారాక కత్తెర, జిగురు అవసరం తీరింది గానీ సరంజామా తగ్గలేదు సరికదా, బీరువాల హద్దు కూడా లేకుండా పెరిగింది. అమెరికాలో పిల్లల మొదటి పుట్టినరోజు ఆల్బమ్ సొంతంగా చేసుకునే తెలుగు తల్లులకైనా, ఇక్కడ పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే స్టూడియోల వారికైనా ఇబ్బంది ఒక్కటే: సరుకు హార్డ్‌డిస్క్‌లో ఉంటుంది, కావలసిన వేళకు మాత్రం దొరకదు.

ఒకదానికొకటి నప్పేలా డిజైనర్ తయారుచేసి ఇచ్చే కాగితాలు, పూలు, రిబ్బన్ల బొమ్మల ఫైళ్ల కట్టను కిట్ అంటారు. ఈ చిక్కు ఆ కిట్ నిర్మాణంలోనే ఉంది. సాధారణంగా పుట కొలత 12 అంగుళాలు పొడవు, 12 అంగుళాలు వెడల్పు. ముద్రణ కోసం అంగుళానికి 300 పిక్సెళ్లు, అంటే ఒక్కో బ్యాక్‌గ్రౌండ్ కాగితం 3600 బై 3600 పిక్సెళ్ల జేపీజీ. పూలు, బొత్తాలు, రిబ్బన్లకు వెనుక భాగం పారదర్శకంగా ఉండాలి కాబట్టి అవి పీఎన్‌జీలో వస్తాయి. ఒక ఇంగ్లిష్ అక్షరమాల తీసుకుంటే పెద్దబడి, చిన్నబడి అక్షరాలు, అంకెలు కలిపి 62 ఫైళ్లు. వీటికి తోడు కిట్‌లో ఏమున్నాయో చూపే ప్రివ్యూ బొమ్మ ఒకటి, వాడకం షరతుల టెక్స్ట్ ఫైల్ ఒకటి. జిప్ విప్పగానే ఫోల్డర్‌లో అదే పేరుతో ఇంకో ఫోల్డర్, అందులో 'పేపర్స్', 'ఎలిమెంట్స్'. ఇలాంటివి వందకు చేరిన తరువాత పేర్లు గుర్తుపెట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

చాలామంది మొదట చేసే పని కిట్లను విడగొట్టడం: బొత్తాలన్నీ ఒక ఫోల్డర్‌లోకి, రిబ్బన్లన్నీ మరో ఫోల్డర్‌లోకి. చూడటానికి వంటింటి పోపులపెట్టెలా పొందికగా ఉంటుంది. నా అభిప్రాయంలో మాత్రం ఇది లాభం కన్నా నష్టమే ఎక్కువ తెచ్చే పద్ధతి. రెండు కిట్లలో 'బటన్3' అనే పేరుంటే ఒకటి రెండోదాన్ని తుడిచేయవచ్చు. ఒకదానికొకటి నప్పేలా డిజైనర్ ఎంచిన రంగుల జత చెదిరిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ బొత్తం ఎవరిదో, దాన్ని ఏ షరతు మీద ఇచ్చారో చెప్పే కాగితం దానికి దూరమవుతుంది. మళ్లీ దించుకోవచ్చులే అన్న ధీమా కూడా పనికిరాదు. ఒకప్పుడు ఈ రంగంలో పెద్ద పేరున్న 'టూ పీస్ ఇన్ ఎ బకెట్' దుకాణమే 2014లో మూతపడింది.

అందువల్ల డిస్క్ మీద కిట్‌ను వచ్చింది వచ్చినట్టే డిజైనర్ పేరు కింద ఉంచి, విభజన పనంతా ట్యాగులకు, అంటే వెతుక్కోవడానికి ఫైల్‌కు తగిలించే గుర్తు మాటలకు, అప్పగించడం మేలు. అయితే ఆ ట్యాగు ఎక్కడ నిలుస్తుందన్నది చూసుకోవాలి. విండోస్ ప్రాపర్టీస్‌లో జేపీజీకి ట్యాగు రాయవచ్చు, పీఎన్‌జీకి కుదరదు. మన సరుకులో సగం పీఎన్‌జీయే. ఫొటోలను సర్దిపెట్టే ఫొటోషాప్ ఎలిమెంట్స్ ఆర్గనైజర్ అనే ప్రోగ్రాము ట్యాగులను క్యాటలాగ్ అనే తన సొంత జాబితాలో దాచుకుంటుంది, 'సేవ్ మెటాడేటా' ఆదేశం ఇస్తేనే అవి ఫైల్‌లోకి వెళ్తాయి. అడోబీ బ్రిడ్జ్ అనే ప్రోగ్రాము ట్యాగులను (అందులో వాటి పేరు కీవర్డులు) నేరుగా ఫైల్‌లోనే రాస్తుంది, దానికి చందా కట్టనక్కరలేదు. ఉచితంగా దొరికే డిజీక్యామ్ ప్రోగ్రాము కూడా ఆ పని చేస్తుంది గానీ సెట్టింగ్స్‌లో ఆ ఎంపిక ఆన్‌లో ఉందో లేదో సరిచూసుకోవాలి. గూగుల్ 2016లో పికాసా అనే తన ఫొటోల ప్రోగ్రామును ఆపేసినప్పుడు జేపీజీలో ఇమిడిన ట్యాగులు వేరే ప్రోగ్రాముల్లోనూ కనిపించాయి. పికాసా తనలో కట్టుకున్న ఆల్బమ్‌ల విభజన మాత్రం దానితోనే ఆగిపోయింది.

ఇక ఏ ట్యాగు పెట్టాలన్నది అసలు ప్రశ్న. అమెరికన్ కిట్లు వాళ్ల కాలాల ప్రకారం, వాళ్ల పండుగల ప్రకారం వస్తాయి. శరదృతువు కిట్‌లో నారింజ రంగు చామంతులు, ఎండు మొక్కజొన్న కంకులు ఉంటాయి. వాటిని 'ఆటమ్' అని మాత్రమే వదిలేస్తే దసరా పుట చేసేటప్పుడు అవి గుర్తుకే రావు. క్రిస్మస్ కిట్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగు కాగితాలు పట్టుచీర అంచు పక్కన పెడితే పెళ్లి పుటకు చక్కగా అమరుతాయి. గృహప్రవేశం పుటకు గుమ్మం మీద వేయడానికి పసుపు రిబ్బన్ కావాలంటే, అది ఈస్టర్ కిట్‌లో ఉండవచ్చు. కాబట్టి వస్తువు, రంగు, మనింట్లో అది పనికొచ్చే సందర్భం అనే మూడు ట్యాగులు చాలు: 'రిబ్బన్, పసుపు, గృహప్రవేశం'. ఇవి తెలుగు లిపిలో రాసినా ఇబ్బంది లేదు. కానీ ఒకే వేడుకకు ఒకచోట ఓణీల ఫంక్షన్ అని, మరోచోట హాఫ్ శారీ అని రాస్తే వెతుకులాటలో సగమే బయటపడుతుంది. ఏదో ఒక పేరు ఖాయం చేసుకుని, ఆ పట్టికను కీవర్డుల ప్యానెల్‌లో ముందే పెట్టుకోవాలి. బతుకమ్మ తంగేడు పూలు, సంక్రాంతి గొబ్బెమ్మలు ఆ కిట్లలో వెతకడం వృథా. వాటిని సొంతంగా ఫొటో తీసి, వెనుక భాగం తొలగించి, 'సొంతం' అన్న ట్యాగుతో విడిగా దాచుకోవడమే దారి.

స్టూడియోల వారికి ఇంకో ట్యాగు తప్పనిసరి: వాడకం హద్దు. చాలా కిట్లు సొంత వాడకానికే పరిమితం. డబ్బు తీసుకుని మరొకరి ఆల్బమ్ చేయాలంటే వేరే అనుమతి కావాలి. పెన్‌డ్రైవ్‌లలో చేతులు మారే పీఎస్‌డీల (ఫొటోషాప్ డిజైన్ ఫైళ్ల) గుట్టలకు షరతుల కాగితమే ఉండదు. అలాంటివాటికి 'మూలం తెలియదు' అని రాసి, గిరాకీ పనులకు వాడకుండా పక్కన పెట్టడమే భద్రం.

పేరుకున్న పాత సరుకంతటికీ ఒక్కసారిగా ట్యాగులు పెట్టాలని కూర్చున్నవారు వారం తిరగకుండానే విసిగి వదిలేస్తారు. కొత్త కిట్‌కు జిప్ విప్పిన రోజునే ముందుగా ప్రివ్యూ బొమ్మకు, తరువాత ముఖ్యమైన వస్తువులకు రాయాలి. పాతవాటికి, ఏదైనా పుటకోసం తెరిచినప్పుడు, ఆ వాడిన వస్తువుకు మాత్రం రాస్తే సరిపోతుంది. రెండేళ్లపాటు ఏ పుటకూ తెరవని కిట్‌ను బయటి డిస్క్‌లోకి పంపి, దాని ప్రివ్యూను మాత్రం కంప్యూటర్‌లో ఉంచవచ్చు.