పదిసార్లు రాస్తే ఫ్రెంచ్ వస్తుందా?

మా చెల్లి ఇప్పుడే కళ్ళనీళ్ళు పెట్టుకుని లాప్‌టాప్ మూసేసింది. నాకింకా ఒళ్ళు మండుతోంది.

కెనడా పీఆర్ (శాశ్వత నివాసం) కోసం టెఫ్ అనే ఫ్రెంచ్ పరీక్ష రాయాలని మూడు నెలలుగా ఆన్‌లైన్ కోచింగ్ తీసుకుంటోంది. రోజుకో పీడీఎఫ్ పంపుతారు. వంద మాటలు, పక్కన ఇంగ్లీషు అర్థం. ఒక్కోటి పదిసార్లు రాసి ఫొటో పెట్టాలి. లాంగ్‌బుక్కులు రెండు నిండాయి. ఇవాళ సార్ ఆడియో వినిపిస్తే ఏమీ అర్థం కాలేదు. "నువ్వు సరిగ్గా చదవట్లేదమ్మా" అన్నాడు, అందరి ముందూ!

రాత్రి ఒంటిగంట దాకా రాసిన పిల్లని అనే మాటేనా అది? అర్థాల మీద చెయ్యి అడ్డం పెట్టి నేనే అడిగాను. మొన్నటి వందలో పదకొండు చెప్పింది. తప్పు దానిది కాదు, ఆ జాబితాది. 'మెజోఁ' అంటే ఇల్లు అని ఇచ్చారు. అది స్త్రీలింగమని చెప్పడానికి ముందు ఉండాల్సిన 'లా' ఏది? ఫ్రెంచ్‌లో లింగాన్ని మాటతోపాటే నేర్చుకోవాలి, తర్వాత అతికించలేం. 'లె లీవ్ర్' అంటే పుస్తకం, 'లా లీవ్ర్' అంటే బజార్లో అరకిలో. 'సియోఁ' అని ముగిసేవి దాదాపు అన్నీ స్త్రీలింగాలే. ఈ ఒక్క ముక్క చెప్పినా వందల మాటలకి పనికొచ్చేది.

ఇక వినడం. మనది రాసినట్టు పలికే భాష. అక్కడ ఆకుపచ్చ, గ్లాసు, పురుగు, వైపు, ఈ నాలుగింటికీ స్పెల్లింగులు వేరు, చెవికి మాత్రం అన్నీ 'వేర్' అనే వినిపిస్తాయి. 'ఇల్జోఁ' అంటే వాళ్ళకి ఉంది, 'ఇల్సోఁ' అంటే వాళ్ళు ఉన్నారు. పెన్నుతో పదిసార్లు రాస్తే ఆ తేడా చెవికెక్కుతుందా? రోజుకి ఇరవై మాటలు చాలు. ఒక్కోదాన్ని వాక్యంలో పెట్టి విని, పైకి అనాలి. మర్నాడు, మూడోనాడు, వారానికి, అర్థం చూడకుండా గుర్తు తెచ్చుకోవాలి. చదివింది ఎంత త్వరగా మర్చిపోతామో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1885లోనే లెక్కకట్టి చూపించాడు. ఫీజులు వసూలు చేసేవాళ్ళకి ఆమాత్రం తెలియదా?

అసలీ జబ్బు కోచింగుల్లో మొదలవలేదు. ఇంటర్లో నేను తెలుగు తీసుకుంటానంటే కాలేజీలో ఒప్పుకోలేదు. "పర్సెంటేజీ పోతుంది, ఫ్రెంచ్ తీసుకో" అన్నారు. రెండేళ్ళూ ప్రశ్నా జవాబూ బట్టీ. 96 వచ్చాయి, నా ఫొటో ఫ్లెక్సీ మీద వేసుకున్నారు. ఉద్యోగంలో చేరాక ఫ్రెంచ్ మళ్ళీ 'బోఁజూర్' దగ్గర మొదలుపెట్టి నేర్చుకున్నాను. తెలుగు పద్యం మాత్రం పదో తరగతిలో వదిలేసిన చోటే ఆగిపోయింది.