ఇసుక లేస్తోందని వేవ్ మేకర్ స్పీడ్ తగ్గించమనే సలహా గురించి

ఉప్పునీటి అక్వేరియం కొత్తగా పెట్టినవారు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, వేవ్ మేకర్ (ట్యాంకులో నీటిని కదిలించే పంపు) ఆన్ చేయగానే ఇసుక లేచి అద్దమంతా తెల్లబడుతోంది, ఏం చేయాలని. దానికి దాదాపు ప్రతిసారీ వచ్చే సమాధానం, స్పీడ్ తగ్గించమని. ఈ సలహాతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. ట్యాంకులోని ప్రాణులకు ఎంత ప్రవాహం కావాలో ముందు తేల్చుకుని, దానికి తట్టుకునే ఇసుకను ఎంచుకోవాలి గానీ, చూడముచ్చటగా ఉందని కొన్న ఇసుక కోసం ప్రవాహాన్ని బలి పెట్టడం తలకిందుల పని.

ప్రవాహం అలంకారం కాదు. అదే ఉష్ణోగ్రత వద్ద ఉప్పునీటిలో కరిగే ఆక్సిజన్ మంచినీటి కన్నా దాదాపు ఐదో వంతు తక్కువ. నీరు వేడెక్కేకొద్దీ అది ఇంకా తగ్గుతుంది కాబట్టి, మన వేసవుల్లో నీటి పైపొర నిరంతరం కదులుతూ ఉండడం చేపలకు ఊపిరితో సమానం. నీరు కదలని మూలల్లో చేపల విసర్జన, మిగిలిన మేత ఇసుక మీద పేరుకుంటాయి. కొన్నాళ్లకు అక్కడే నాచులా పెరిగే సైనోబాక్టీరియా ఎర్రటి జిగురు దుప్పటిలా పరుచుకుంటుంది. దాన్ని చూసి మందులు కొనేవారికి అసలు కారణం వారే తగ్గించిన స్పీడ్ కావచ్చని చెప్పేవారు తక్కువ.

ఇక దుకాణాల్లో వినిపించే రెట్ల లెక్క ఒకటుంది, అంటే పంపు గంటకు ట్యాంకు నీటికి ఎన్ని రెట్లు తోస్తుందన్నది. ట్యాంకు 200 లీటర్లదైతే గంటకు 4,000 లీటర్లు తోసే పంపు పెట్టండి, ఇరవై రెట్లు అవుతుంది, సరిపోతుంది అంటారు. మెత్తటి పగడాలకు పది నుంచి ఇరవై రెట్లు, ఆక్రోపొరా వంటి గట్టి పగడాలకు అంతకు బాగా ఎక్కువ అనే లెక్క సుమారు అంచనాగా పనికొస్తుంది, కాదనను. కానీ ఇసుకకు మీ రెట్లతో సంబంధం లేదు, తనను తాకే నీటి వేగంతోనే సంబంధం. పంపు నోటి వ్యాసం నాలుగు రెట్లు పెద్దదైతే, అంతే నీరు బయటికి వచ్చే వేగం పదహారో వంతుకు పడిపోతుంది. సన్నటి గొట్టంలోంచి దూసుకొచ్చే ధార ఇసుకలో గుంత తవ్వితే, వెడల్పాటి ప్రొపెల్లర్ ఉన్న వేవ్ మేకర్ అంతే నీటిని ఇసుక కదలకుండా నడిపిస్తుంది. పెట్టె మీద లీటర్ల అంకె ఒక్కటే చూసి పంపు కొనడం వల్లనే ట్యాంకుల్లో సగం ఇసుక తుఫానులు పుడుతున్నాయి.

మిగతా సగం, పంపును ఏ దిక్కుకు తిప్పారన్న దాని మీద ఆధారపడుతుంది. పంపును ట్యాంకు ఎత్తులో పై మూడో వంతులో బిగించి, మూతిని కాస్త పైకెత్తి, ధార నీటి పైపొరను రాసుకుంటూ ఎదుటి అద్దానికి తగిలేలా పెట్టాలి. అద్దానికి తగిలిన నీరు కిందికి దిగి, వేగం తగ్గి, ఇసుక మీదుగా వెనక్కి వస్తుంది. నేరుగా రాళ్ల మీదికి కొడితే నీరు రాతి మొదట్లోకి చీలి అక్కడి ఇసుకను తోడేస్తుంది. ఒకే పెద్ద పంపు కన్నా, ఎదురెదురుగా రెండు చిన్నవి పెట్టి మార్చి మార్చి నడపడం మేలు, ఎందుకంటే ఎప్పుడూ ఒకే దిక్కున పారే నీరు ఒకచోట గుంత, మరోచోట దిబ్బ తయారుచేస్తుంది.

ఇసుక విషయానికొస్తే, పంచదార గ్రేడ్ అని అమ్మే ఒక మిల్లీమీటరు లోపు అరగొనైట్ (కాల్షియం కార్బొనేట్) ఇసుక ఫొటోల్లో ఎంత అందంగా ఉంటుందో నాకూ తెలుసు. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టినప్పుడు పొట్టు దూరంగా, గింజ దగ్గరగా పడినట్టే, ప్రవాహం కూడా రేణువులను బరువును బట్టి వేరుచేస్తుంది. సన్నవన్నీ ఒక మూలకు చేరి, పంపు ముందు ఒట్టి అద్దం మిగులుతుంది. నా మాటగా అడిగితే, కొత్తవారికి 1 నుంచి 2 మిల్లీమీటర్ల రేణువు, 3 నుంచి 4 సెంటీమీటర్ల మందం సరైనవి. అంతకన్నా ముతకదైన పగడపు నూకలో మేత ఇరుక్కుని కుళ్లుతుంది. వ్యర్థాల నుంచి నీటిలో పేరుకునే నైట్రేట్ తగ్గించడానికి 10 సెంటీమీటర్లకు పైగా లోతుగా ఇసుక పరిచే పద్ధతి ఉన్నా, అది అనుభవం వచ్చాక చేయాల్సిన పని, ఎందుకంటే ఆక్సిజన్ అందని ఆ లోతు పొరలను కెలికితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు బయటికి రావచ్చు.

విశాఖలోనో భీమిలిలోనో ఉన్నవారు, సముద్రం పక్కనే ఉండగా ఇసుక కొనడమెందుకని అడుగుతారు. మన తీరపు ఇసుక ప్రధానంగా సిలికా, అందులో ఇల్మెనైట్, గార్నెట్, మోనజైట్ వంటి బరువైన ఖనిజాలు కలిసి ఉంటాయి. అది కాల్షియం కార్బొనేట్ ఇసుక కాదు. దానిలోని మాగ్నెటైట్ రేణువులు పంపు రోటర్ అయస్కాంతానికి అతుక్కుని దాన్ని అరగదీస్తాయి కూడా. పగడాల ముక్కలు ఏరుకొచ్చే ఆలోచన అసలే వద్దు: గట్టి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో, ఉన్నాయి.

అందువల్ల ఇక్కడ చాలా ట్యాంకులు ఎండు రాయి, ఎండు ఇసుకతోనే మొదలవుతాయి. దీని పర్యవసానం గురించి ఎవరూ మాట్లాడరు. పాత ట్యాంకులో ఇసుక రేణువులను బాక్టీరియా, సూక్ష్మశైవలాల పలుచటి జిగురు పొర ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది, కొత్త ట్యాంకులో ఆ పట్టు ఉండదు. మొదటి వారం చూసి ఈ ఇసుక నిలవదని తీర్పు చెప్పడం తొందరపాటు. తక్కువ ప్రవాహంతో మొదలుపెట్టి, చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చే వారాలలో కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే అదే ఇసుక చాలామేరకు నిలదొక్కుకుంటుంది. స్పీడ్ తగ్గించమనే సలహాలో నిజమున్న భాగం ఇంతే, అది కూడా తాత్కాలికంగా మాత్రమే. ఈలోగా ఇసుక మీద గోధుమరంగు డయాటమ్ (ఒక రకం సూక్ష్మశైవలం) పొర వస్తుంది, అది దానంతట అదే పోతుంది. తెల్లటి ఇసుక తెల్లగానే ఉండాలనుకునేవారు ఈ అభిరుచి జోలికి రాకపోవడమే మంచిది.

ట్యాంకు నింపే రోజున రాళ్లను ముందు అడుగు అద్దం మీద నిలబెట్టి, ఆ తర్వాతే చుట్టూ ఇసుక పోయాలి. ఇసుక మీద రాయి పెడితే, బొరియలు తవ్వే గోబీ చేప ఒక్కటి చాలు దాన్ని పడగొట్టడానికి. ఎండు ఇసుకను నీళ్లు తేటపడేదాకా కడగాలి, బతికున్న బాక్టీరియాతో లైవ్ శాండ్ అని తడిగా అమ్మేదాన్ని మాత్రం కడగకూడదు. ఉప్పును వేరే డ్రమ్ములో 1.025 సాంద్రతకు కలిపి, ఇసుక మీద పళ్లెం పెట్టి దాని మీద మెల్లగా పోస్తే మబ్బు చాలావరకు తగ్గుతుంది.

సన్న ఇసుక తప్పనిసరైన సందర్భం ఒకటుంది. రాత్రిళ్లు ఇసుకలో దూరి పడుకునే రాస్ జాతి చేపలను పెంచేవారికి ముతక రేణువు పనికిరాదు. వారు మెత్తటి ఇసుక వేసుకుని, వెడల్పాటి ప్రవాహం ఇచ్చే ఖరీదైన పంపులకు డబ్బు సిద్ధం చేసుకోవాలి. ఇసుకను శుభ్రం చేస్తుందని చిన్న ట్యాంకుకు అంటగట్టే ఇసుక నక్షత్రచేపను మాత్రం ఎవరూ కొనకండి, తినడానికి ఇసుకలో జీవులు చాలక అది కొన్ని నెలల్లో ఆకలితో చస్తుంది.

చివరగా, కరెంటు కోతల మాట. కరెంటు రాగానే ఒక్కసారిగా పూర్తి వేగంతో తిరిగే పంపు, అప్పటిదాకా కుదురుగా ఉన్న ఇసుకను కూడా లేపుతుంది. కొనేటప్పుడు వేగాన్ని క్రమంగా పెంచే కంట్రోలర్ ఉన్న డీసీ వేవ్ మేకర్ అడగండి, దాన్ని బ్యాటరీకి కూడా కలిపే వీలుందో లేదో అక్కడే చూసుకోండి.