విలన్‌ని చూపిస్తే భయం పోతుందా?

ఎపిక్ ఫాంటసీ (మాయాలోకాల్లో నడిచే మహాకథలు) పాఠకుల మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది: మహా విలన్ పుకారుగా ఉన్నంతసేపే భయపెడతాడు, ఎదురుపడితే తేలిపోతాడు, అందుకని అతన్ని చూపించకూడదు, తప్పనిసరైతే బలం పెంచి చూపాలి, గతం మాత్రం చెప్పకూడదు. చాలామంది విలన్లు తేలిపోతారన్నది నిజమే. కారణమే తప్పు, చెప్పిన మందు ఇంకా తప్పు.

'చూపించకూడదు' అనేవాళ్లు సాక్ష్యంగా తెచ్చేది 1954–55లో వచ్చిన 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్' నవల. అందులో మహా విలన్ సౌరాన్ ముఖాముఖి రాడు, సరే. అతని సేనాని విచ్ కింగ్ వస్తాడుగా! మినాస్ తిరిత్ నగర ద్వారం బద్దలుకొట్టి లోపలికొస్తే మాంత్రికుడు గండాల్ఫ్ తప్ప అందరూ పారిపోతారు. ఆ తర్వాత విచ్ కింగ్ యుద్ధభూమిలో చస్తాడు కూడా. అయినా చిన్నబోడు. అతని నీడ పడగానే బెదిరిన గుర్రం కింద థియోడెన్ రాజు నలిగిపోతాడు. విచ్ కింగ్‌ని పడగొట్టడానికి ఇద్దరు కావలసివచ్చింది. మెర్రీ అనే పొట్టి హాబిట్ వెనకనుంచి పొడిచిన కత్తి, ఒకప్పుడు అతని రాజ్యంతో పోరాడినవాళ్లు చేసింది. ఎదురుగా నిలిచిన రాజు మేనకోడలు ఇయోవిన్‌కి అప్పటికే చెయ్యి విరిగింది. గెలిచాక కూడా ఇద్దరూ మంచాన పడతారు. భయం నిలబడింది ఇక్కడ, గెలుపుకి పెట్టిన ఖరీదులో.

ఇంకా పాత సాక్ష్యం కావాలంటే సుందరకాండ తెరవండి. అక్షకుమారుణ్ణి చంపి, బ్రహ్మాస్త్రానికి కట్టుబడి సభకొచ్చిన హనుమంతుడు రావణుణ్ణి చూసి ఆశ్చర్యపోతాడు: ఏమి రూపం, ఏమి ధైర్యం! అధర్మమే లేకపోతే ఇంద్రుడితో సహా దేవలోకాన్ని కాపాడదగ్గవాడు అనుకుంటాడు. అలా అనుకున్నది కొలువులోని భృత్యుడు కాదు, బెదురెరగని శత్రువు. పిరికి పాత్ర వణికితే పాఠకుడు పట్టించుకోడు. గుండె దిటవున్నవాడు ఒక్క క్షణం ఆగితే నమ్ముతాడు. తొలి దర్శనం ఎవరి కళ్లతో చూపాలన్నది అందుకే ముందు తేల్చుకోవాలి.

'బలం పెంచితే సరి' అన్నది అన్నిటికన్నా నష్టం చేసే సలహా. 1990లో మొదలైన 'వీల్ ఆఫ్ టైమ్' నవలల వరసలో ఫర్సేకెన్లనే విలన్లు పదమూడుమంది, జనం వాళ్ల పేరెత్తడానికే జంకుతారు. వాళ్లలో అగినోర్, బాల్తమెల్ మొదటి భాగం చివర్లో దర్శనమిచ్చి అక్కడే చస్తారు. వాళ్లకి శక్తి తక్కువై కాదు, వచ్చిన చోటే చావడం వల్ల తేలిపోయారు. బాల్‌జమాన్ అనే విలన్ అయితే మొదటి మూడు భాగాల ముగింపుల్లోనూ హీరో రాండ్ చేతిలో ఓడతాడు. మూడోసారికి ఎంత మంట రగిలించినా ఫలితం పాఠకుడికి ముందే తెలుసు. విచిత్రమేమిటంటే మందు కూడా అందులోనే ఉంది: రెండో భాగంలో అతను రాండ్ పక్కలో చేసిన గాయం మానదు, తర్వాతి భాగాల్లోనూ వేధిస్తుంది. ఆ ఓటమి అందుకే పూర్తిగా చులకనవలేదు.

రాసేవాళ్లు చూసుకోవలసినవి ఇవి. తొలి భేటీలో హీరో పని విలన్‌ని చంపడం కాకూడదు. ఎవరినో విడిపించడమో, తప్పించుకోవడమో కావాలి. అప్పుడు హీరో పని నెరవేరినా విలన్ ఓడినట్టు కాదు. విలన్ తనకు కావలసింది ఒకటి పట్టుకునే వెళ్లాలి. హీరో పోగొట్టుకున్నది తర్వాతి అధ్యాయంలో మంత్రంతో తిరిగొస్తే భేటీ మొత్తం వృథా. చంపగలిగి కూడా ఉపన్యాసం ఇస్తుంటే, ఎందుకు చంపడం లేదో పాఠకుడికి తెలియాలి. ముందు సూచనే లేని శక్తి ఆ క్షణంలో బయటపెడితే భయం పుట్టదు, చిరాకు పుడుతుంది.

ఇక గతం. కారణం తెలిస్తే జాలి కలగొచ్చు, జాలి భయాన్ని తినేయదు. ఎందుకు చేస్తున్నాడో తెలిసీ ఆపలేకపోవడం ఇంకా భయంకరం. గతం చెడగొట్టేది ఒక్క చోటే: కత్తులు దూసిన సన్నివేశాన్ని మధ్యలో ఆపి, విలన్ బాల్యాన్ని రెండు పేజీలు చెప్పినప్పుడు.