అరపదును మంగలికత్తి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మంగలికత్తి గారికి,

నెల్లూరు మూలాపేట నుంచి నమస్కరించి రాయునది. తమరు సెలూన్ అద్దం ముందు కుశలమే. నా చెంపే పటిక మంటతో ఉంది.

"మరీ పదును పెడితే తొందరగా పోద్ది, కాస్త తక్కువలో ఉంచితే నాలుగు కాలాలు ఉంటది" అని తమరి తరఫున ఓ సిద్ధాంతం వినిపిస్తా ఉంటుంది. ఏంది సామీ ఇది! రిటైరయ్యేదాకా ఒళ్లు అరక్కూడదని ఫైలు ముట్టుకోని గుమాస్తా మాటలాగుంది.

నిజంగా పదునున్న వాదరకి కత్తి బరువే చాలు, వెంట్రుక మొదట్లోనే తెగుతుంది. తమరు కొయ్యరు, పీకుతారు. వెంట్రుక ముందు వంగుతుంది, తర్వాత సాగుతుంది, నా కళ్లలో నీళ్లు తిరిగాక ఎప్పటికో తెగుతుంది. తెగలేదని తమరిని పట్టుకున్న మంగలి పెద్దాయన ఇంకాస్త నొక్కుతాడు. ఒక్క గీతతో పోయే చోట మూడు గీతలు, గరగరమని చప్పుడు. ఆ నొక్కుడంతా ఎవరి మీద పడుతోంది? మైక్రాన్ మందం కూడా లేని తమరి అంచు మీదే కదా! అది పక్కకి ఒరుగుతుంది. ఒరిగాక ఇంకా పీకుతుంది, పీకేకొద్దీ ఇంకా నొక్కాలి. ఆయుష్షు కోసమని పదును తగ్గించుకుంటే పోయేది ఆయుష్షే.

వెంట్రుకెంత, ఉక్కెంత అనుకోవద్దు. ఉక్కు కంటే 50 రెట్లు మెత్తనైన వెంట్రుకే బ్లేడు అంచుని చిట్లగొడుతుందని, అదీ వంగే వీలున్నప్పుడేనని అమెరికాలోని ఎంఐటీ వాళ్లు 2020లో సైన్స్ పత్రికలో రాశారు. వాళ్లు చూసింది వాడి పారేసే బ్లేళ్లనే అనుకోండి. తమరి ఉక్కుకి మాత్రం వేరే దేవుడున్నాడా?

తమరి వాదనలో గింజంత నిజం లేకపోలేదు. సాన మితిమీరితే అంచు చివర పల్చటి రేకు లేస్తుంది. బొటనవేలికి తగిలితే అబ్బో అనిపిస్తుంది, మొదటి గడ్డంలోనే విరిగి కిందున్న మొండితనం బయటపడుతుంది. అది చూసి "చూశావా, పదునెక్కువైతే ఇంతే" అనేవాళ్లున్నారు. పాపం, పదును వేషం కట్టినవాడి తప్పుకి పదునుకి శిక్ష! కోణం లెక్క వేరే ఉంది. వెన్నునీ వాదరనీ కలిపి రాయి మీద ఆనించి తోస్తే 16, 17 డిగ్రీల దగ్గర దానంతటదే కుదురుతుంది. ఇంకా గట్టిగా నిలవాలంటే వెన్నుకి ఒక పొర టేపు అంటించి నూరితే కోణం కాస్త పెరుగుతుంది. ఆయుష్షు మీద అంత ప్రేముంటే అది అడగొచ్చుగా.

యూరప్‌లో పలక జాతి రాళ్ల మీద కూడా కత్తులకి ఆఖరి సాన పట్టేవాళ్లు. అటు మార్కాపురం నిండా పలక రాయి పెట్టుకున్న ప్రాంతం మనది, తమరికి మాత్రం అరచేతికేసి రెండు రుద్దులతో సరి. తోలు పట్టీ క్యాలెండర్ పక్కన వేలాడుతోంది, దుమ్ము కూడా దులపలేదు. గడ్డం గీసేముందు వెన్ను ముందుండేలా దాని మీద నాలుగు సార్లు లాగితే ఒరిగిన అంచు నిటారవుతుంది. సాయంత్రం తడి తుడవకుండా మడిచి పెడితే మన ఉప్పుగాలికి వాదర మీద మచ్చలు లేస్తాయి. పని చెయ్యకుండానే మొద్దుబారే విద్య తమరికే చెల్లింది. క్షవరమైతే వివరమొస్తుందంటారు, తమరి దయవల్ల నాకు సగం క్షవరానికే వచ్చింది.

పక్క కుర్చీ దగ్గర సగం బ్లేడు పెట్టే కత్తి దిగింది, గమనించారా? మనిషికో ముక్క, వాడాక చెత్తబుట్టే. ఆయుష్షు గురించి ఆయనెప్పుడూ ఉపన్యాసం ఇవ్వలేదు.

ఆదివారం రద్దీ మొదలయ్యేలోపు సానరాయి ఎక్కండి. లేదంటే నేను ఆ కుర్చీలో కూర్చుంటాను.

ఇట్లు,
పటిక ఖర్చు భరిస్తున్న
ఒక కుడి చెంప