సవరణ: లింకన్ గొంతు ఎవరూ వినలేదు

చారిత్రక వ్యక్తుల పాత్రలకు నటులు ఎలా సిద్ధమవుతారన్న పోస్టులో, ‘లింకన్’ (2012) కోసం డేనియల్ డే లూయిస్ అబ్రహాం లింకన్ ప్రసంగాల రికార్డులు విని ఆ గొంతు పట్టుకున్నారని రాశాను. అది తప్పు. లింకన్ హత్య జరిగింది 1865లో. శబ్దాన్ని రికార్డు చేసి మళ్లీ వినిపించిన తొలి యంత్రం, ఎడిసన్ ఫోనోగ్రాఫ్, వచ్చింది 1877లో. ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టి చూసుకోవలసింది.

నటుడి ఇంటర్వ్యూలు, లింకన్‌ను ఎరిగినవారి రాతలు చెప్పేది వేరు. ఆయనతో కలిసి న్యాయవాద వృత్తి చేసిన విలియం హెర్న్‌డన్, ఆ గొంతు సన్నగా, కీచుగా ఉండేదని రాశారు. అయినా దూరాన నిలబడ్డవారికీ మాట స్పష్టంగా అందేదని మరికొందరు అన్నారు. డే లూయిస్ ఇలాంటి వర్ణనలు, లింకన్ సొంత రాతలు చదివి గొంతు కుదుర్చుకున్నారు. దాన్ని టేపు మీద రికార్డు చేసి దర్శకుడు స్పీల్‌బర్గ్‌కు పంపారు. సన్నాహానికి ఏడాది గడువు అడిగి మరీ తీసుకున్నారు. కాబట్టి తెర మీద మనం విన్నది ఆధారాలున్న ఊహ. లింకన్ అంటే గంభీర కంఠమే అనుకునే మనకు ఆ పీలగొంతు మొదట కాస్త వింతగానే తోస్తుంది.

గాంధీ పాత్రకు బెన్ కింగ్‌స్లే పాత వార్తాచిత్రాలు చూశారన్న భాగం మాత్రం సరైనదే.