గేర్‌బాక్స్ అడుగున కాపురమున్న అయస్కాంతం గారికి

మహారాజశ్రీ అయస్కాంతం గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద. మన ఉభయుల్లో ఎవరికీ కుశలం లేదు కనుక ఆ ముక్క వదిలేస్తున్నాను. నిన్న మధ్యాహ్నమంతా సర్వీస్ సెంటర్‌లో, పనిచేయని కాఫీ యంత్రానికి ఎదురుగా కూర్చోబెట్టి, చీకటి పడే వేళకు తీర్పు చెప్పారు: "గేర్‌బాక్స్ మొత్తం మార్చాలి సార్." విప్పి చూశారా అంటే కంప్యూటర్ చూసిందన్నారు. ఆయిల్ సంగతేమిటంటే, అది జీవితకాలానికి సరిపడా పోసిన ఆయిల్, ముట్టుకోకూడదన్నారు. వాళ్లు చెప్పిన అంకె విన్నాక, గేరు తనంతట తాను మారినప్పుడల్లా ఎగిరిపడే నా ఆటోమేటిక్ కారును అలాగే ఆటోనగర్‌కు తోలుకుపోయాను. అక్కడ మీ దర్శనభాగ్యం కలిగింది. తిరుపతి వాడికి దర్శనం ఆలస్యం కావడం కొత్తేమీ కాదనుకోండి.

గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం, అదే ఆయిల్ ప్యాన్, దించగానే మూలన నల్లటి ముద్ద కనిపించింది. ఆయిల్‌లో తిరిగే ఇనుప రజను పట్టడానికి పెట్టిన మీరే అదని మెకానిక్ చెబితే తప్ప తెలియలేదు. రూపాయి బిళ్లంత ఒంటి మీద ఎంత బురద మోస్తున్నారు మహానుభావా! అందులో కొంచెం తీసి ఆయన వేళ్ల మధ్య రుద్దాడు. కాటుకలా జారింది. "గోటికి గుచ్చుకునే ముక్కలు దొరికితే గేరో బేరింగో పోయినట్టు సార్. ఇది మామూలు అరుగుదల. ఎవరూ తుడవలేదు, అంతే" అన్నాడు.

బండి కొత్తగా ఉన్నప్పుడే ఇనుప రజను ఎక్కువగా రాలుతుంది. ఆ తర్వాతి అరుగుదలకు మా ఊరే చాలు. తిరుపతిలో ఇల్లున్న పాపానికి, ఎక్కడెక్కడి చుట్టాలూ మన కారులోనే కొండెక్కుతారు. మండే ఎండలో, నిండా జనంతో, ఏసీ వేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కితే లోపలి ఆయిల్ కాగిపోతుంది. కాగిన ఆయిల్ చెడుతుంది. అందులో ఇనుప పొడి కూడా కలిస్తే మరింత త్వరగా చెడుతుంది. దిగేటప్పుడు 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డులో 40 నిమిషాలకు తక్కువ కాకూడదని నిబంధన ఉంది కాబట్టి అప్పుడైనా మీరు కాస్త ఊపిరి పీల్చుకుంటారు.

మీ మీద నాకు ఫిర్యాదు లేకపోలేదు. ఇనుము కనిపిస్తే కౌగిలించుకుంటారు. అల్యూమినియం పొడి, బుష్‌ల నుంచి రాలిన ఇత్తడి, క్లచ్ ప్లేట్ల కాగితపు పొడి కళ్ల ముందు నుంచే పోతున్నా పలకరించరు. ఫిల్టర్ గారు పెద్ద ముక్కలను ఆపుతారు, సన్నవాటికి దారి వదులుతారు. అవన్నీ పోయి, ఆయిల్‌ను అటూ ఇటూ మళ్లించి గేర్లు మార్చే వాల్వ్ బాడీలోని ఇరుకు దారుల్లో చేరాయి. అక్కడ వాల్వులు కదిలే సందు వెంట్రుక మందం కంటే తక్కువ. ఒక్కటి బిగుసుకుంటే చాలు, కారు గుర్రంలా ఎగురుతుంది. మీరు మాత్రం ఎంతని పడతారు? ఒంటి మీద పొర మందమయ్యే కొద్దీ మీ లాగుడు బలం పై పొరను దాటి రాదు కదా.

అసలు మంట మీ మీద కాదు. మెకానిక్ ప్యాన్ బోల్టులు నా చేతిలో పెట్టాడు. ఫ్యాక్టరీలో బిగించాక పెట్టిన పసుపు రంగు చుక్కలు వాటి మీద చెక్కుచెదరలేదు. ఇంటికొచ్చి సర్వీస్ పుస్తకం తీశాను. ప్రతి సర్వీసుకూ 'ట్రాన్స్‌మిషన్ ఆయిల్ తనిఖీ', అంటే ఈ గేర్‌బాక్స్ ఆయిల్ తనిఖీ, అన్న గడిలో చక్కటి టిక్కు, పక్కన సంతకం. ఏమిటి తనిఖీ చేసింది? ఈ కారుకు ఆయిల్ కొలిచే పుల్ల కూడా లేదు. తనిఖీ చేయాలంటే బండిని సమానంగా పైకెత్తి, ఆయిల్ చెప్పిన వేడికి వచ్చాక, మట్టం చూసే బోల్టు విప్పాలి. ఆ బోల్టు మీదా పసుపు చుక్క ఉంది! అంటే నా కళ్ల ముందు కారును లిఫ్ట్ మీదకు ఎక్కించి, కింద నిలబడి, పైకి చూసి, టిక్కు పెట్టి, డబ్బు తీసుకున్నారు. చూడనిది చూశామని రాయడం సోమరితనం కాదు, దొంగతనం. పైగా ఆ చూడని వాళ్లే గేర్‌బాక్స్ చచ్చిందని మరణ ధ్రువపత్రం రాసిచ్చారు.

మిమ్మల్ని శుభ్రంగా తుడిచారు. కుర్రాడు పీచు రేగే పాత బనియన్ గుడ్డ తీయబోతే మెకానిక్ కసిరాడు, ఆ పీచు పోయి వాల్వులో ఇరుక్కుంటుందట. వాల్వ్ బాడీ కడిగారు. కూలర్ గొట్టాల్లో దాగిన పొడి తిరిగి వస్తుందని అవి కూడా కడిగించాడు. ప్యాన్ నుంచి కారేది సగమే, మిగతాది ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది కనుక కొన్నాళ్లు కారు తిప్పి మళ్లీ ఆయిల్ దించుదామన్నాడు. కారు ఇప్పుడు ఎగరడం లేదు.

ఇట్లు,
మీకు బాకీపడిన కారు యజమాని

తాజా కలం: మీ పక్కన ఇంకొక అయస్కాంతాన్ని పెట్టించాను. సీనియారిటీ గొడవలు పెట్టుకోకండి.