వెలుగు పేరుతో వాయిదా వద్దు

మురుగునీటిలోని నైట్రేట్‌ను వెలుగుతో విరగ్గొట్టే ఉత్ప్రేరకాలు వస్తున్నాయంటే సంతోషమే. పరిశోధన సాగాలి, డబ్బూ ఇవ్వాలి. కానీ రేపటి టెక్నాలజీని చూపించి ఇవాళ్టి పని వాయిదా వేస్తామంటే ఊరుకోలేం. బెళ్లందూరు చెరువు నురగ కక్కి, నిప్పంటుకుని మండినా బుద్ధి రాని నగరం మన బెంగళూరు.

టైటానియం డయాక్సైడ్ లాంటి పొడి మీద అతినీలలోహిత కాంతి పడితే నైట్రేట్ నైట్రోజన్ వాయువుగా మారగలదు. ల్యాబ్‌లో తేట నీళ్లతో అది బాగానే జరుగుతుంది. నీళ్లు మడ్డిగా ఉంటే వెలుగు లోపలికి దిగదు. ఎండలో ఆ కిరణాల వాటా 5 శాతం దాకానే. చాలా ప్రయోగాల్లో ఫార్మిక్ ఆమ్లం లాంటిది విడిగా కలపాల్సి వస్తోంది. చర్య దారి తప్పితే నైట్రైట్, అమ్మోనియా అనే వేరే కాలుష్యాలు మిగులుతాయి.

ఇప్పుడున్న పద్ధతికి ఏం తక్కువైంది? గాలి ఊదే ట్యాంకులో అమ్మోనియా నైట్రేట్ అవుతుంది, గాలి తగలని ట్యాంకులో బ్యాక్టీరియా ఆ నైట్రేట్‌ను నైట్రోజన్‌గా మార్చి పైకి పంపేస్తుంది. దశాబ్దాలుగా తెలిసిన పనే. మన తెలుగువాళ్లు వేలల్లో ఉంటున్న మారతహళ్లి వైపు ఏ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌నైనా అడగండి, కరెంటు బిల్లు భయంతో రాత్రిపూట ఎస్‌టీపీ (మురుగు శుద్ధి కేంద్రం)లో గాలి ఊదే బ్లోయర్ కట్టేయడం ఎంత మామూలో చెబుతాడు. బ్లోయరే తిరగని చోట ఉత్ప్రేరకం ఏం ఉద్ధరిస్తుంది?

ఈ నీళ్లు నగరంలోనే ఆగడం లేదు. కేసీ (కోరమంగల-చల్లఘట్ట) వ్యాలీ పథకం కింద 2018 నుంచి, మడ్డి, సేంద్రియ మురికి తీసే రెండో దశ వరకే శుద్ధి చేసిన బెంగళూరు మురుగునీరు కోలారు చెరువులకు వెళ్తోంది. బోర్లలో నీళ్లు పెరిగాయని రైతులు అంటున్నారు, కాదనం. అయితే చెరువులో ఇంకేదే బోరులోకి వస్తుంది. నైట్రేట్‌కు రంగు లేదు, వాసన లేదు. కాచితే పోదు సరికదా ఇంకా చిక్కబడుతుంది. కోలారు జిల్లా ముళబాగిలు పల్లెలో పాలపొడి కలిపే తల్లి నీళ్లు మరిగించి, చల్లార్చి, ఇక భయం లేదనుకుంటుంది. నైట్రేట్ మోతాదు మించితే పసిబిడ్డ పెదాలు నీలంగా మారతాయని ఆమెకు ఎవరు చెప్పారు? తాగే నీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదిక ప్రకారం కర్ణాటక నమూనాల్లో 48 శాతం ఆ గీత దాటాయి. ఎరువులు, సెప్టిక్ ట్యాంకుల పాపం కూడా అందులో ఉంది. అంతమాత్రాన మురుగు పంపేవాళ్ల బాధ్యత తీరిపోదు.

మాకు మింగుడుపడనిది ఈ వాయిదా అలవాటే. మురుగు శుద్ధి కేంద్రాలకు కేంద్ర పర్యావరణ శాఖ తెచ్చిన 2015 ముసాయిదా నిబంధనల్లో, శుద్ధి చేసి వదిలే నీటిలో మొత్తం నైట్రోజన్ లీటరుకు 10 మిల్లీగ్రాములు మించకూడదని రాశారు. 2017లో తుది నిబంధనలు వచ్చేసరికి ఆ గీతనే ఎత్తేశారు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ మళ్లీ పట్టుబట్టాల్సి వచ్చింది. ఇప్పుడు ఉత్ప్రేరకం వచ్చేదాకా ఆగమంటే, ఆ తర్వాత ఇంకోటి వచ్చేదాకా ఆగమంటారు.

ప్రతి శుద్ధి కేంద్రం గేటు దగ్గర, ప్రతి కోలారు చెరువు గట్టున, ఆ రోజు నీటిలో నైట్రోజన్ ఎంతో కన్నడంలో, తెలుగులో బోర్డు రాసి పెట్టండి. ఒక సుద్దముక్కతో అయ్యే పని కూడా చేయనివాళ్లు వెలుగుతో నీళ్లు కడుగుతామని చెప్పడానికి సిగ్గుపడాలి.